సెటిల్మెంటా? సీటు మార్పా? - సూర్ నుంచి కొన్ని లెక్కలు

గల్ఫ్ లో ఉద్యోగం పోవడం గురించి మన వాళ్ళు గట్టిగా మాట్లాడుకోరు. "ఫలానా ఆయన క్యాన్సిల్ చేసుకుని వెళ్ళిపోయాడట" అని గొంతు తగ్గించి చెప్పుకుంటారు. పొమ్మంటే పోయాడా, తనే పోతానన్నాడా, ఎంత చేతికొచ్చింది, ఇంకో దారి చూపించారా లేదా అన్న విషయాలు ఎవరూ అడగరు, ఎవరూ చెప్పరు. తీరా ఆ ఉత్తరం మన బల్ల మీదకు వచ్చిన రోజున, ఎవరిని అడగాలో తెలియక నిద్ర పట్టని రాత్రులు గడుపుతాం. అందుకే ఈ వ్యాసం. నాకు తెలిసినంతలో, నేను వేసిన లెక్కలతో సహా రాస్తున్నాను. లెక్కల్లో అంకెలు గుండ్రంగా చేశాను, పద్ధతి మాత్రం నిజమైనదే.

నేను ఉండేది మస్కట్ లో కాదు, సూర్ లో. మస్కట్ నుంచి సముద్రం పక్కనే దక్షిణంగా సుమారు రెండు వందల కిలోమీటర్లు. ఒకప్పుడు ఇక్కడి వాళ్ళకు పడవలు కట్టడమే వృత్తి. 1951 లో ఇక్కడే కట్టిన 'ఫతహ్ అల్ ఖైర్' అనే పెద్ద పడవను 1993 లో యెమెన్ నుంచి తిరిగి కొని తెచ్చి మరీ ఊళ్ళో ప్రదర్శనకు పెట్టుకున్నారు. ఆవిరి ఓడలు, ఇంజన్ ఓడలు వచ్చి ఆ వృత్తి చితికిపోయింది. తర్వాత ఖల్హాత్ దగ్గర గ్యాసును ద్రవంగా మార్చే ప్లాంటు వచ్చి 2000 లో ఎగుమతులు మొదలయ్యాయి. 2005 లో ఒమన్, ఇండియా కలిసి పెట్టిన ఎరువుల కర్మాగారం ఒమిఫ్కో వచ్చింది. ఇఫ్కో, క్రిభ్కోలకు అందులో చెరి పాతిక వంతు వాటా. ఏటా 16.52 లక్షల టన్నుల యూరియా తీసే శక్తి ఉన్న ప్లాంటు. మన గోదావరి జిల్లాల రైతు చల్లిన యూరియాలో కొంత ఇక్కడి గ్యాసుతో తయారైనదే! 2014 లో రెండు వేల మెగావాట్ల విద్యుత్ కేంద్రం కూడా వచ్చింది. ఇలాంటి పెద్ద ప్లాంట్ల చుట్టూ మరమ్మతులు, నిర్వహణ చూసుకునే కాంట్రాక్టు కంపెనీలు బోలెడు. మన తెలుగు ఇంజనీర్లు, టెక్నీషియన్లు ఎక్కువగా ఉండేది వాటిలోనే.

పెద్ద ప్లాంటు ఎక్కడికీ పోదు. కాంట్రాక్టు మాత్రం నాలుగైదేళ్ళకోసారి టెండరుకు వస్తుంది. అప్పుడు పని కొంత తగ్గినా, రేటు కొంత తగ్గినా, ఆ కోత వచ్చి పడేది మన మీదే. నేను పనిచేసే కంపెనీలో 2024 ఫిబ్రవరిలో జరిగింది ఇదే. పంపులు, కంప్రెసర్ల మరమ్మతులు చూసే మా విభాగంలో కొన్ని పోస్టులు తీసేస్తున్నామని, నా పోస్టు వాటిలో ఒకటని, నా ముందు రెండు దారులు ఉన్నాయని ఉత్తరం ఇచ్చారు. మొదటిది సెటిల్మెంట్ తీసుకుని వెళ్ళిపోవడం. రెండోది అదే కంపెనీలో స్టోర్ సూపర్వైజరుగా చేరడం. జవాబుకు పదిహేను రోజులు గడువు. అప్పటికి నా సర్వీసు సరిగ్గా పదహారేళ్ళు. అమ్మాయి ఇక్కడి ఇండియన్ స్కూల్లో పదకొండో తరగతి పరీక్షలు రాయబోతోంది.

మొదటి రోజు అందరూ చేసే పనే నేనూ చేశాను. ఉత్తరంలో సెటిల్మెంట్ కింద వేసిన మొత్తం ఎంతో చూశాను. ఎనిమిది వేల రియాళ్ళకు పైనే. రూపాయల్లోకి మార్చి చూస్తే కళ్ళు చెదిరాయి! మా ఆవిడ మాత్రం కాగితం తీసుకుని చూసి, "ఇందులో వాళ్ళు కొత్తగా ఇచ్చేదెంత?" అంది. అసలు ప్రశ్న అదే. చాలామంది అక్కడే పొరబడతారు.

ఒమన్ లో గ్రాట్యుటీ అన్నది కంపెనీ దయాదాక్షిణ్యం కాదు. మనం ఇప్పటికే సంపాదించుకున్న సొమ్ము. ఈ రోజు వెళ్ళినా, మూడేళ్ళ తర్వాత వెళ్ళినా వచ్చేదే. దాన్ని పోస్టు తీసేసినందుకు ఇచ్చే పరిహారంతో కలిపి ఒకే అంకెగా చూపిస్తే ఆ మొత్తం పెద్దదిగా కనిపిస్తుంది. నా మూలవేతనం 400 రియాళ్ళు. ఇంటి అద్దె, సైట్ అలవెన్సు, రవాణా అన్నీ కలిపితే నెలకు 750. గ్రాట్యుటీ మూలవేతనం మీదే కడతారు. 2003 నాటి కార్మిక చట్టం ప్రకారం మొదటి మూడేళ్ళకు ఏడాదికి పదిహేను రోజులు, ఆపైన ఏడాదికి ఒక నెల. 2023 జులైలో అమల్లోకి వచ్చిన కొత్త చట్టం, అంటే 53/2023 నంబరు రాజశాసనం, ఏడాదికి ఒక నెల అంది. రెండింటికీ తేడా అంతా ఆ మొదటి మూడేళ్ళలోనే, ఒకటిన్నర నెలల మూలవేతనం. పాత పద్ధతిలో నాకు 5,800, కొత్త పద్ధతిలో 6,400. మీ కంపెనీ ఏ పద్ధతిలో కట్టిందో రాతపూర్వకంగా అడగండి. అడిగితేనే చెబుతారు.

ఈ ఆరు వేల చిల్లర పక్కన పెడితే, పోస్టు తీసేసినందుకు నాకు కొత్తగా వచ్చేది నోటీసు నెల జీతం 750, దయతో ఇస్తామన్న మూడు నెలల మూలవేతనం 1,200. మొత్తం 1,950 రియాళ్ళు. ఎనిమిది వేలు కాదు! రెండో దారితో పోల్చవలసింది ఈ 1,950 నే.

ఇక రెండో దారి. స్టోర్ సూపర్వైజరు ఉద్యోగానికి నెలకు 640 అన్నారు. 110 తగ్గుతుంది, ఫరవాలేదనుకున్నాను. ఉత్తరం రెండో పేజీలో చిన్న అక్షరాల్లో విభజన ఉంది. మూలవేతనం 400 నుంచి 320 కి తగ్గించి, మిగిలింది అలవెన్సుల్లో సర్దారు. ఇదేమంత పెద్ద విషయమా అనిపిస్తుంది. కానీ గ్రాట్యుటీ కట్టేది చివరి మూలవేతనం మీద. అంటే రేపు నేను కొత్త సీటులో నుంచి వెళ్ళిపోతే, వెనకటి పదహారేళ్ళకూ 320 చొప్పునే కడతారు. 80 ని పదహారుతో గుణిస్తే 1,280 రియాళ్ళు. ఎండలో, వేడి పైపుల మధ్య సంపాదించిన సొమ్ము ఒక్క సంతకంతో పోతుంది. ఇలాంటి కాగితాల్లో మన వాళ్ళు మొత్తం జీతం చూసి సంతకం పెడతారు తప్ప విభజన చూడరు. దయచేసి విభజన చూడండి.

ఇప్పుడు రెండు దారుల్నీ ఒకే త్రాసులో పెట్టాను. ఉద్యోగం లేకుండా ఒక నెల గడిస్తే నేను పోగొట్టుకునేది కొత్త సీటు జీతం, అంటే 640. సెటిల్మెంట్ లో అదనంగా వచ్చే 1,950 ని 640 తో భాగిస్తే సుమారు మూడు. అంటే మూడు నెలల్లోపు ఇంకో ఉద్యోగం దొరికే నమ్మకం ఉంటే సెటిల్మెంట్ లాభం. అంతకు మించి పడుతుందనుకుంటే సీటు మార్పే నయం. ఇది వెనకటి గ్రాట్యుటీ చెక్కు చెదరకుండా ఉన్నప్పటి లెక్క. ఆ 1,280 కూడా పోతుందనుకుంటే, సీటు మార్పుకు అంత బరువు తగ్గినట్టే. అప్పుడు 3,230 ని భాగించాలి, అయిదు నెలలు వస్తుంది. అంటే పాత సర్వీసుకు పాత మూలవేతనమే కడతామని కంపెనీ చేత ఒక్క కాగితం రాయించుకోగలిగితే, దాని విలువ రెండు నెలల జీతం. ఉద్యోగం కోసం వెతికే ముందు ఆ కాగితం కోసం పోరాడడం తెలివైన పని అని నాకు అప్పుడే అర్థమైంది.

మూడు నెలల్లో ఉద్యోగం దొరుకుతుందా అన్నది మాత్రం లెక్క కాదు, అంచనా. ఇక్కడ ఒక మార్పు గురించి కొత్తవాళ్ళకు చెప్పాలి. 2014 నుంచి 2020 దాకా ఒమన్ లో పాత యజమాని ఎన్.ఓ.సి. ఇవ్వకపోతే రెండేళ్ళ వరకు మళ్ళీ ఈ దేశంలో పనికి రాకూడదన్న నిబంధన గట్టిగా అమలయ్యేది. ఆ రోజుల్లో పోస్టు తీసేశారంటే తిన్నగా విమానం ఎక్కడమే, లేదా అర్బాబ్ దయ కోసం ఎదురుచూడడమే. 2021 జనవరి 1 నుంచి ఆ ఎన్.ఓ.సి. తీసేశారు. ఒప్పందం ముగిసినా, తొలగించినా, కొత్త యజమాని దగ్గరకు మారవచ్చు. ఈ ఒక్క మార్పుతో సెటిల్మెంట్ తీసుకోవడం అన్నది ఊరికి పోవడానికి పర్యాయపదం కాకుండా పోయింది. మా పెద్దవాళ్ళు ఇచ్చే సలహాల్లో ఇంకా ఎన్.ఓ.సి. రోజుల భయమే వినిపిస్తుంది. దాన్ని కాస్త తగ్గించి వినాలి.

అలాగే ఊరి నుంచి వచ్చే సలహాలు. మా బావగారు బి.ఎస్.ఎన్.ఎల్. లో చేసి, 2019 లో ప్రకటించిన స్వచ్ఛంద పదవీ విరమణ తీసుకున్నారు. ఆ విడతలో దేశం మొత్తం మీద 78,569 మంది బయటకు వెళ్ళారు. ఆయన ఫోన్ చేసి, "ఇచ్చినప్పుడు పుచ్చుకోవాలి బావా, నేను హాయిగా లేనూ?" అన్నారు. నిజమే, హాయిగానే ఉన్నారు. ఎందుకంటే ఆయనకు నెలనెలా పింఛను వస్తుంది. ఆ పథకంలో ఎక్స్ గ్రేషియా అన్నది పింఛను పైన పెట్టిన తాంబూలం. మన గల్ఫ్ ఉద్యోగానికి పింఛను లేదు. ఆ గ్రాట్యుటీయే అన్నీ. దేశవాళీ స్వచ్ఛంద విరమణ అనుభవాన్ని తెచ్చి ఇక్కడ అతికించకూడదు.

మన వాళ్ళు మరో మధ్యే మార్గం కూడా చూశారు. 2009 లో హైదరాబాదులో సత్యం చేతులు మారిన తర్వాత, పని లేని వేలమంది ఉద్యోగులను ఒక 'వర్చువల్ పూల్' లో పెట్టారు. మూలవేతనం వంటివి మాత్రం ఇస్తూ, ఆరు నెలల లోపు లోపల పని దొరికితే తీసుకుంటాం, బయట దొరికితే వెళ్ళవచ్చు అన్నారు. అప్పట్లో దాన్ని అవమానంగా భావించినవారు ఉన్నారు. కానీ వెతుక్కోవడానికి కొంత గడువు, చేతిలో కొంత జీతం ఉండడం ఎంత విలువైనదో ఉత్తరం అందుకున్నవాడికే తెలుస్తుంది. అమెరికాలో హెచ్ 1 బి మీద ఉన్నవాళ్ళకు ఉద్యోగం పోయాక గరిష్ఠంగా 60 రోజులే. ఇంగ్లండులో చట్టం ఇంకో రకం. పోస్టు తీసేసేటప్పుడు అదే కంపెనీలో వేరే ఉద్యోగం చూపిస్తే, నాలుగు వారాలు చేసి చూసే హక్కు ఉద్యోగికి ఉంది. తగని పని అని తేలితే, సెటిల్మెంట్ హక్కు పోకుండానే బయటకు రావచ్చు. తగిన పనిని కారణం లేకుండా కాదంటే మాత్రం ఆ డబ్బు పోతుంది. ఈ సంగతి లండన్ లో ఉన్న ఒక మిత్రుడు చెప్పగానే నాకు బాగా నచ్చింది. ఒమన్ చట్టంలో అలాంటిది లేదు. కానీ చట్టంలో లేనిదాన్ని ఒప్పందంలో అడగకూడదని ఎవరన్నారు?

ఇక బతాకా సంగతి. ఇది చాలా ముఖ్యం, కొంచెం ఓపికగా చదవండి. ఒమన్ లో మన రెసిడెంట్ కార్డు మీద వృత్తి రాసి ఉంటుంది. కార్డు మీద ఒక వృత్తి, చేసేది ఇంకో పని అయితే అది నిబంధనల ఉల్లంఘన. కంపెనీలో సీటు మారినప్పుడు, "కార్డు సంగతి తర్వాత చూద్దాం లెండి" అంటారు. చూద్దాం అని ఊరుకుంటే తనిఖీ రోజున ఇబ్బంది పడేది మనం కూడా. కార్డు మారుద్దామా అంటే ఒమనైజేషన్ అడ్డు వస్తుంది. 2018 జనవరిలో 87 వృత్తులకు కొత్త వీసాలు ఆపేశారు. 2022 లో ఒమనీయులకు మాత్రమే అని ప్రకటించిన వృత్తుల జాబితా 207 కు చేరింది. అందులో ఆఫీసు, మానవ వనరులు, గుమాస్తా తరహా పనులు చాలా ఉన్నాయి. పైగా కొత్త చట్టం ప్రకారం, విదేశీయుడు చేస్తున్న పనిలో ఒమనీయుణ్ణి నియమిస్తే, ఆ విదేశీయుడి ఒప్పందం ముగించడానికి అది చెల్లుబాటయ్యే కారణమే. ఆ దేశం తన పిల్లలకు ఉద్యోగాలు చూసుకోవడంలో తప్పేమీ లేదు, మన దగ్గర స్థానికుల కోటాల కోసం ఎన్ని ఉద్యమాలు జరగలేదు! మనం గమనించవలసింది ఒక్కటే. ఎండలో చేసే పని నుంచి ఏసీ గదిలో బల్ల దగ్గరకు మారడం పైకి పదోన్నతిలా కనిపిస్తుంది. ఒమనైజేషన్ ముందుగా వచ్చేది ఆ బల్ల దగ్గరకే. పంపు షాఫ్టు ఎలైన్మెంట్ చేసేవాడి మీదకు రావడానికి ఇంకా సమయం పడుతుంది.

మా కంపెనీలోనే నెల్లూరు వైపు ఆయన ఒకరు, నాకంటే ముందు విడతలో, ఇలాంటి ఉత్తరమే వస్తే సంతోషంగా ఆఫీసు సీటుకు మారారు. ఏడాది తిరగకుండా ఆ సీటు ఒమనీ యువకుడికి ఇచ్చారు. ఈసారి ఉత్తరంలో రెండు దారులు లేవు, ఒకటే ఉంది. మూలవేతనం తగ్గిన తర్వాత కట్టిన గ్రాట్యుటీ కాబట్టి అదీ తగ్గింది. ఆయన్ని తలుచుకునే నేను నా కాగితాన్ని అంత జాగ్రత్తగా చదివాను.

ఒప్పందంలో లేని, దానికి మౌలికంగా భిన్నమైన పనిని కార్మికుడి అంగీకారం లేకుండా శాశ్వతంగా అంటగట్టకూడదన్నది ఇక్కడి పాత చట్టంలోనూ, కొత్త చట్టంలోనూ ఉన్న సూత్రం. అంటే సీటు మార్పుకు మన సంతకం వాళ్ళకు అవసరం. అవసరం ఉన్న చోట బేరానికి చోటు ఉంటుంది. అలాగే ఇంకొకటి. సెటిల్మెంట్ కాగితాల మధ్యలో రాజీనామా పత్రం పెట్టి సంతకం అడుగుతారు, "ఫార్మాలిటీ" అంటారు. పోస్టు తీసేసింది వాళ్ళయితే రాజీనామా మనదెందుకు అవుతుంది? రాజీనామా మీద సంతకం పడితే నోటీసు జీతం గురించి గానీ, అన్యాయంగా తీసేశారని గానీ అడిగే ఆస్కారం పోతుంది. కొత్త చట్టం ప్రకారం తొలగింపు అన్యాయమని తేలితే కనీసం మూడు నెలల, గరిష్ఠంగా పన్నెండు నెలల వేతనం పరిహారంగా వచ్చే వీలుంది. ఫిర్యాదుకు గడువు నోటీసు అందిన 30 రోజులే. ఊరికి వెళ్ళి ఆలోచిద్దాం అనుకుంటే ఆ గడువు దాటిపోతుంది.

బ్యాంకు అప్పు ఉన్నవాళ్ళకు ఒక ముక్క. పర్సనల్ లోన్ తీసుకున్నప్పుడు కంపెనీ ఇచ్చిన ఉత్తరంలో జీతంతో పాటు చివరి సెటిల్మెంట్ కూడా ఆ బ్యాంకుకే పంపుతామని ఉంటుంది. డబ్బు పడగానే బ్యాంకు తన బాకీ పట్టుకుంటుంది. ఆరు వేలు వస్తాయని ఊళ్ళో స్థలం బేరం ఆడి, చేతికి రెండు వేలు వచ్చినవాళ్ళను నేను చూశాను.

మా ఇంట్లో మాత్రం డబ్బు లెక్క కన్నా అమ్మాయి చదువు లెక్కే బరువైంది. సి.బి.ఎస్.ఈ. లో పదకొండో తరగతిలో పేరు నమోదయ్యాక, పన్నెండులో బడి మారడం తేలిక కాదు. ప్రత్యేక కారణాలు చూపించి అనుమతి తెచ్చుకోవాలి. పోనీ నేనొక్కణ్ణే వెళ్ళి వాళ్ళను ఇక్కడ ఉంచుదామా అంటే, కుటుంబం వీసా నా వీసా మీదే కదా! ఇంకో సంగతి, ఎన్.ఐ.టి. ల వంటి సంస్థల్లో గల్ఫ్ లో పనిచేసే భారతీయుల పిల్లలకు సి.ఐ.డబ్ల్యు.జి. అనే కోటా ఉంది. మామూలు ప్రవాసుల కోటాలో డాలర్లలో కట్టవలసిన ఫీజు, ఇందులో మన దేశంలోని పిల్లలతో సమానంగా ఉంటుంది. దరఖాస్తు చేసేటప్పటికి తల్లి గానీ తండ్రి గానీ గల్ఫ్ దేశంలో ఉద్యోగంలో ఉన్నట్టు రుజువు చూపాలి. మన ఎంసెట్ వైపు చూస్తే, స్థానిక అభ్యర్థి కావాలంటే వరసగా నాలుగేళ్ళ చదువు అక్కడే ఉండాలన్నది ఎప్పటినుంచో ఉన్న పద్ధతి. సూర్ లో చదివిన పిల్లకు అది ఎలా వస్తుంది? అంటే 2025 వేసవి దాకా నా బతాకా బతికి ఉండడం మా అమ్మాయికి ఒక సీటు విలువ చేస్తుంది. నెలకు 110 రియాళ్ళు తగ్గడం దాని ముందు ఏపాటి?

చదువుల అక్కర లేనివాళ్ళకు ఈ లెక్క వేరు. మా తణుకు మిత్రుడొకాయన వెల్డింగ్ ఇన్స్పెక్టరు. పిల్లలు స్థిరపడ్డారు, ధ్రువపత్రాలన్నీ చెల్లుబాటులో ఉన్నాయి, వయసు నలభై ఆరు. ఆయనకు కూడా నాతో పాటే ఉత్తరం వచ్చింది. రెండో దారి వైపు కన్నెత్తి కూడా చూడకుండా సెటిల్మెంట్ తీసుకున్నాడు. 2024 ఫిబ్రవరిలోనే దుకమ్ లో కొత్త రిఫైనరీ ప్రారంభమైంది, ఆ వైపు కాంట్రాక్టర్లకు మనుషులు కావాలి. ఏడు వారాల్లో అక్కడ చేరిపోయాడు. ఎన్.ఓ.సి. గొడవ లేదు కాబట్టి బతాకా మారింది, ఊరికి వెళ్ళాల్సిన అవసరమే రాలేదు. ఆయన లెక్కలో ఆయన నిర్ణయం నూటికి నూరుపాళ్ళు సరైనది. చేతిలో ఉన్న పని బయట సంతలో అమ్ముడుపోయేదా కాదా అన్నది ఉత్తరం రాకముందే తెలుసుకుని ఉండాలి. ఆయన ఏటా ఒకసారి, ఉద్యోగం అవసరం లేకపోయినా, రెండు ఇంటర్వ్యూలకు వెళ్ళేవాడు. మేం నవ్వేవాళ్ళం!

ఇండియాకు వెళ్ళిపోదామనుకునేవారికి కూడా కొన్ని మాటలు. మన ఆర్థిక సంవత్సరం ఏప్రిల్ తో మొదలవుతుంది. ఆ ఏడాదిలో ఇండియాలో 182 రోజులు నిండకుండా చూసుకుంటే, వెనకటి నాలుగేళ్ళలో సెలవులన్నీ కలిపి 365 రోజులు దాటనివారికి, ఆ ఏడాదికి ప్రవాసి హోదాయే ఉంటుంది. అక్టోబరు తర్వాత తిరిగి వెళ్ళడం మంచిదని మన పెద్దలు చెప్పేది అందుకే. అదే ఏడాది వేసవి సెలవులో ఉన్న రోజులు కూడా కలుపుకోవడం మరిచిపోవద్దు. ఆ తర్వాత రెండు మూడేళ్ళు సాధారణంగా ఆర్.ఎన్.ఓ.ఆర్. హోదా వస్తుంది, అప్పుడు కూడా విదేశంలో ఉన్న ఆదాయం మీద అక్కడ పన్ను పడదు. స్థిరపడ్డాక ఎన్.ఆర్.ఈ. ఖాతాను అలాగే ఉంచకూడదు, బ్యాంకుకు చెప్పి మార్పించాలి. వీటన్నిటికంటే ముందు చూసుకోవలసింది ఆరోగ్య బీమా. కంపెనీ బీమా చివరి పనిదినంతో సరి. నలభై ఎనిమిదేళ్ళ వయసులో, చక్కెర వ్యాధితో ఊరికి వెళ్ళి కొత్త పాలసీ తీసుకుంటే, ముందునుంచి ఉన్న జబ్బులకు మూడేళ్ళ వరకు వర్తించకపోవచ్చు. అదే పాలసీ ఇక్కడ ఉద్యోగంలో ఉండగానే ఇండియాలో తీసుకుంటే, వెళ్ళేనాటికి ఆ గడువు గడిచిపోతుంది. ఇది మాత్రం ఉత్తరం వచ్చినా రాకపోయినా ఈ నెలలోనే చేయండి.

నా సంగతికి వస్తే, పదకొండో రోజున హెచ్.ఆర్. మేనేజరు గారిని కలిశాను. కోపం ఉంది గానీ ఇంటి దగ్గరే వదిలి వెళ్ళాను. మూడు అడిగాను. ఒకటి, 2024 మార్చి 31 వరకు సర్వీసుకు 400 మూలవేతనం మీదే గ్రాట్యుటీ కట్టి, ఆ అంకెను కొత్త ఒప్పందంలో రాయాలి. రెండు, మూడు నెలలు చేసి చూస్తాను. నాకు గానీ కంపెనీకి గానీ నచ్చకపోతే ఇప్పుడు చూపించిన సెటిల్మెంటే ఇవ్వాలి. మూడు, ఉద్యోగం పేరు స్టోర్ సూపర్వైజరు కాకూడదు. నా బతాకా మీద ఉన్న మెకానికల్ ఇంజనీరు హోదాలోనే, విడిభాగాల ప్రణాళిక చూసేవాడిగా ఉండాలి. నిజానికి ఆ పనికి పంపుల గురించి తెలిసినవాడే కావాలి, కాబట్టి అందులో అబద్ధమేమీ లేదు.

ఆయన మొదటిదానికి తల ఊపారు. బహుశా అంతవరకు ఎవరూ అడగలేదేమో. రెండోదాన్ని రెండు నెలలకు కుదించారు. మూడోదానికి వారం రోజులు నానబెట్టి, ప్లాంటు వైపు ఇంజనీరు ఒకాయన మాట సాయం చేస్తే ఒప్పుకున్నారు. 640 ని 660 చేయమని అడిగాను, అది మాత్రం కుదరలేదు. గడువు పదిహేనో రోజు సాయంత్రం కాకుండా, మూడో షరతు తేలేదాకా పొడిగిస్తున్నట్టు ఈమెయిల్ తెప్పించుకున్నాను. నోటి మాట మీద గడువు దాటనివ్వకండి.

ఆ రెండు నెలలూ కష్టంగానే గడిచాయి. పాతికేళ్ళు పానా పట్టుకున్న చెయ్యి కంప్యూటరులో వస్తువుల కోడ్లు కొట్టాలంటే ఎలా ఉంటుందో ఊహించుకోండి. నా కింద పనిచేసిన కుర్రాడు "సార్, బేరింగు వచ్చిందా?" అని నా కిటికీ దగ్గరకు వచ్చి నిలబడితే మొదట్లో మనసు చివుక్కుమనేది. ఇది డబ్బు లెక్కలో రాని ఖర్చు, దానికి నా దగ్గర సూత్రం లేదు. మా ఆవిడతో సాయంత్రాలు అల్ అయ్జా వైపు నడుస్తూ అనుకునేవాళ్ళం, ఇంకా పద్నాలుగు నెలలు, ఇంకా పదమూడు అని.

అమ్మాయి 2025 లో పరీక్షలు రాసింది, ఆ కోటాలోనే దరఖాస్తు చేశాం, సీటు వచ్చింది. నేను ఇంకా ఆ బల్ల దగ్గరే ఉన్నాను. వైబ్రేషన్ అనాలిసిస్ లో రెండో స్థాయి ధ్రువపత్రం కోసం చదువుతున్నాను, పాత చేతిపని తుప్పు పట్టకుండా. తణుకు మిత్రుడు చేసినట్టే ఏడాదికి రెండు ఇంటర్వ్యూలకూ వెళుతున్నాను. మొన్నటిది సొహార్ లో జరిగింది. జీతం బాగానే ఉంది గానీ, మూలవేతనం ఎంతో కాగితం మీద రాసి పంపమని అడిగాను. ఇంకా రాలేదు.